ఇల్లు, ఆఫీసు, రోజూ తిరిగే దారి: ఏది ముందు మార్చుకుంటే నిజంగా ఉపయోగం?

మియాపూర్ మూడో అంతస్తు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేం మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటాం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. నా ఆఫీసు మాదాపూర్‌లో, ఆయన పని పటాన్‌చెరులో.

పర్యావరణం కోసం ఇంటి నుంచే ఏదైనా చేయాలని ఎప్పటి నుంచో ఉంది. కానీ ఏ వీడియో పెట్టినా వెదురు బ్రష్ కొనండి, రాగి సీసా కొనండి, గుడ్డ సంచి కొనండి అంటారు. అన్నీ కొనడంతోనే మొదలు. మా బీరువాలో పెళ్లిళ్లలో ఇచ్చిన సంచులే బోలెడున్నాయి, ఇంకోటి కొని ఏం చేసుకోను? నాకు కావాల్సింది లెక్క. మా ఇంట్లో దేని వల్ల నష్టం ఎక్కువ, దేని వల్ల తక్కువ అన్నది తెలిస్తే అక్కడి నుంచి మొదలుపెడతాను.

మా సంగతి ఇదీ: రెండు ఏసీలు, ఎండాకాలం రాత్రంతా 22లో నడుస్తాయి. ఫ్యాన్లు ఐదు, అన్నీ ఇల్లు కొన్నప్పటివి. గీజర్లు రెండు. ఏప్రిల్ బిల్లు 450 యూనిట్లు దాటింది. నేను ఆఫీసుకి కారులో ఒక్కదాన్నే వెళ్తాను. ఆయనది పెట్రోల్ బైక్. చెత్తంతా ఒకే కవర్లో కట్టి తలుపు బయట పెడితే పొద్దున వచ్చి తీసుకెళ్తారు. మా అత్తమ్మది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఆనపకాయ తొక్కలు ప్లాస్టిక్ కవర్లో వేయాలంటే ఆమెకి చెయ్యి రాదు. ఆ కవర్ వైపు చూసిన ప్రతిసారీ "ఇదంతా ఏడికి పోతది?" అని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు. ఆఫీసులో ఏసీ చలికి స్వెటర్ వేసుకుని కూర్చుంటాం, టీ తాగిన ప్రతిసారీ ఒక పేపర్ కప్పు.

ఇంకో మాట కూడా అడగాలి. ఇంట్లో ఇలాంటి మార్పు ఏది తెచ్చినా చివరికి ఆ పని ఆడవాళ్ల నెత్తినే పడుతుంది. వేరు చేసేది నేనే, కడిగేది నేనే, గుర్తుచేసేది నేనే అవుతానంటే అది ఎక్కువ రోజులు సాగదు. పని పెంచనివి ముందు చెప్పండి. పని పెరిగేవి ఉంటే అందరం ఎలా పంచుకోవాలో కూడా చెప్పండి.

రిటైర్డ్ ఏఈ, హనుమకొండ

అమ్మా, నువ్వు అడిగిన తీరు నాకు బాగా నచ్చింది. కరెంటు శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీర్) పనిచేసి రిటైర్ అయినవాణ్ని, నా చూపు ముందు మీటర్ మీదికే పోతుంది. అక్కడి నుంచే చెప్తాను.

మన దగ్గర ఇప్పటికీ ఎక్కువ కరెంటు బొగ్గు నుంచే వస్తుంది. రామగుండం, కొత్తగూడెం, భూపాలపల్లి బొగ్గు ప్లాంట్ల పేర్లు అందరూ విన్నవే. దేశం మొత్తం గ్రిడ్ సగటు తీసుకుంటే ఒక యూనిట్ తయారైతే రమారమి 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. మీ ఏప్రిల్ నెల 450 యూనిట్లంటే 300 కిలోలకు పైనే. మీ ఇంట్లో అన్నిటికంటే పెద్ద పద్దు ఇదే. ఏసీ తీసేయమని నేను చెప్పను. ఏప్రిల్, మే నెలల్లో ముసలివాళ్లు, పిల్లలు ఉన్న ఇంట్లో ఏసీ విలాసం కాదు. దాన్ని నడిపే పద్ధతి మార్చుకోవచ్చు.

ముందు ఫ్యాన్ల సంగతి చూడు, ఎందుకంటే ఇందులో ఎవరికీ కొత్త పని పడదు. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు ఉన్నది, 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగితే పాతది 1.12 యూనిట్లు, కొత్తది 0.45. ఒక్కో ఫ్యాన్ మీద రోజుకు యూనిట్‌లో మూడింట రెండు వంతులు మిగులు. హాల్లో, పడకగదుల్లో ఎక్కువసేపు తిరిగే నాలుగు మారిస్తే నెలకు 80 యూనిట్లు. ఐదోది తక్కువ తిరిగేదైతే దాన్ని అలాగే ఉంచు, పాడయ్యాక మార్చుకోవచ్చు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కాబట్టి దుకాణంలో లేబుల్ మీద వాట్లు చూసి తీసుకో. రంగు, డిజైను ఆ తర్వాత.

ఏసీని 22 నుంచి 26కి తెచ్చి, ఫ్యాన్ చిన్నగా వేసుకోండి. ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ ఖర్చు దాదాపు 6 శాతం తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్లు చెప్తారు. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా రూలు పెట్టింది కూడా అందుకే. మొదటి రెండు రోజులు పిల్లలు ఉక్క అంటారు, తర్వాత ఒంటికి అలవాటైపోతుంది. పడమటి కిటికీకి బయట వైపు నీడ ఉండేలా చూడండి. వట్టివేళ్ల తడిక దొరికితే మరీ మంచిది. లోపల ఎంత మందపు కర్టెన్ వేసినా ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది, అందుకే బయట నీడకి విలువ ఎక్కువ. ఏసీ ఫిల్టర్ పదిహేను రోజులకోసారి నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఈ పని నీది కాదమ్మా, మీ ఆయనది. ఆ మాట ఇక్కడే రాసి పెడుతున్నాను, చూపించు.

గీజర్ లోపల 2000 వాట్ల కాయిల్ ఉంటుంది. 15 లీటర్ల నీళ్లు స్నానానికి పనికొచ్చేంత వేడెక్కడానికి అరగంట కూడా పట్టదు. కానీ చాలా ఇళ్లలో పొద్దున ఐదింటికి వేసిన స్విచ్చు అందరూ తయారై వెళ్లేదాకా అలాగే ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు చేసుకుంటే చాలు. ఇక బల్బుల గురించి చెప్పాల్సింది లేదు, అందరి ఇళ్లలో ఎల్‌ఈడీలు వచ్చేశాయి, ఆ పని అయిపోయింది. టీవీ సెట్‌టాప్ బాక్స్ మాత్రం రాత్రి గోడ స్విచ్చు దగ్గర ఆపండి. చాలావాటికి రిమోట్‌తో ఆపినా లోపల కరెంటు పారుతూనే ఉంటుంది.

ఇంకొకటి, తెలంగాణలో ఇళ్ల కనెక్షన్ నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే వేరే రేటు పడుతుంది. ఏసీ వేయని నెలల్లో మీరు 200 అటూఇటూ ఉంటే, ఫ్యాన్లు మార్చిన ఒక్క పనితో గీత కిందికి వస్తారు. ఫ్యాన్ల డబ్బు అక్కడే తిరిగొస్తుంది.

నీళ్ల గురించి ఎవరూ లెక్క వేయరు. హైదరాబాద్‌కి గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వస్తాయి. ఎల్లంపల్లి సముద్రమట్టానికి 150 మీటర్ల లోపు, హైదరాబాద్ 500 మీటర్ల పైన. అంటే ప్రతి వెయ్యి లీటర్లనూ 350 మీటర్లకు పైగా పైకి ఎత్తాలి. లెక్క కడితే ఒక యూనిట్ దాకా అక్కడికే అయిపోతుంది, పైపుల్లో పోయే నష్టం కలిపితే అంతకంటే ఎక్కువే. కృష్ణా నీళ్లు కూడా నాగార్జునసాగర్ వైపు నుంచి మోటార్లతోనే ఎక్కుతాయి. మీ కుళాయి నీళ్లలో ఇంత కరెంటు ఉంది. ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్లు పట్టి గిన్నెలు తోమడానికో, బాల్కనీ కడగడానికో వాడుకోండి. షవర్ మాని బకెట్ పెట్టుకోండి. ఇది మీ అత్తమ్మగారికి నేను చెప్పాల్సిన పని లేదు.

అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద సోలార్ గురించి తర్వాత రాస్తాను, అది నీ ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, అసోసియేషన్ కదలాలి.

సీతమ్మధార మిద్దెతోట

నమస్తే అమ్మా. నేను విశాఖలో ఉంటాను, మేడ మీద కూరగాయలు పండించుకుంటాను. మీ అత్తగారి ప్రశ్నకి నేను జవాబు చెప్తాను.

ఆ కవర్ పట్టణం బయట డంపింగ్ యార్డుకి పోతుంది. తొక్కలు మట్టిలో పడితే మట్టి అవుతాయి. కవర్లో బిగించి, పైన వందల లారీల చెత్త పోస్తే గాలి ఆడక కుళ్లి మీథేన్ వదులుతాయి. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. తడి చెత్తని విడిగా ఉంచితే ఎంత పనికొస్తుందో మీ హైదరాబాద్‌లోనే చూడొచ్చు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో మిగిలిన కూరగాయలతో బయోగ్యాస్ తీసి కరెంటు చేస్తున్నారు. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పారు కూడా.

తడి చెత్తతో ఇంట్లోనే ఎరువు (కంపోస్ట్) చేసే పద్ధతి చెప్తాను. కిట్లు ఏవీ కొనొద్దు. పెయింట్ వేయించినప్పుడు మిగిలే 20 లీటర్ల డబ్బాలు రెండు అడిగి తెచ్చుకోండి. చుట్టూ నాలుగు వేళ్లకో రంధ్రం, అడుగున ఐదారు రంధ్రాలు, కింద ఒక పళ్లెం. అడుగున బెత్తెడు మందాన కొబ్బరి పొట్టు గానీ ఎండాకులు గానీ వేయండి. రోజూ వంటింటి తొక్కలు వేసి, వేసినంత ఎండాకులు పైన కప్పండి. మొదటిసారి మాత్రం రెండు గరిటెల పుల్ల మజ్జిగ చల్లండి. నర్సరీ నుంచి గుప్పెడు పాత ఎరువు దొరికితే అదీ వేయండి. మూడు రోజులకోసారి కర్రతో కింది నుంచి పైకి కలపాలి.

అందరూ వదిలేసేది వాసన వచ్చినప్పుడు. వాసన వస్తే తడి ఎక్కువైందనే అర్థం, ఇంకేం లేదు. ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారితే ఎండాకులు ఇంకా వేసి, మూత తీసి ఒక రోజు గాలికి ఉంచండి. ముద్ద కట్టి, వదిలితే మెల్లగా విడిపోతే సరిగ్గా ఉంది. పొడిపొడిగా రాలిపోతే గుక్కెడు నీళ్లు చిలకరించండి. తెల్లగా, లావుగా పురుగులు కనిపిస్తే భయపడకండి, అవి ఎవర్నీ ఏమీ చేయవు, మనకంటే వేగంగా పని చేస్తాయి. చూడటానికి ఇబ్బందిగా ఉంటే ఎండాకుల పొర మందం చేయండి. తెల్లని బూజు వస్తే మంచిదే.

నూనె కూరలు, మిగిలిన అన్నం ఎక్కువగా వేయకండి. గుడ్డు పెంకులు నలిపి వేయండి. టీ పొడిలో చక్కెర, పాలు ఉంటాయి కదా, ఒకసారి నీళ్లలో జాడించి వేయండి, లేదంటే చీమలు వస్తాయి. మేం చేపలు తినేవాళ్లం. ఆ ముళ్లు, పొలుసులు డబ్బాలో వేయను, పెద్ద కుండీలో మట్టి లోతుగా తీసి పాతేస్తాను. ఏ వాసనా రాదు.

మన వేడికి మొదటి డబ్బా నిండాక నెలన్నర, రెండు నెలల్లో నల్లగా, వదులుగా అయిపోతుంది. తొక్క ఏదో, కాడ ఏదో గుర్తు పట్టలేం. ఈలోపు రెండో డబ్బా నిండుతుంది. ఎరువు ఎక్కడ వాడాలి అనుకుంటే కింద చెట్లకి వేయండి, వాచ్‌మన్ కుటుంబం కరివేపాకు మొక్క పెట్టుకున్నా దానికివ్వండి.

పని పంచుకోవడం గురించి అడిగారు. తొక్కలు వేరే గిన్నెలో వేయడం వంట చేసేవాళ్ల పని, అది కొత్తగా పెరిగే పని కాదు, ఒక చోట వేసేది ఇంకో చోట వేయడమే. కలపడం, ఎండాకులు ఏరి తేవడం పిల్లలకి అప్పజెప్పండి. అజమాయిషీ అత్తగారికి. పెంటకుప్ప చూసిన మనిషికి మనం నేర్పేదేముంది, ఆమే మీ అందరికీ నేర్పిస్తారు.

బెంగళూరులో కర్నూలువాణ్ని

చిన్న అనుభవం అక్కా. ఇక్కడ 2015లో హైకోర్టు చెత్త వేరు చేసి ఇవ్వాల్సిందేనని ఆదేశించింది. రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతి: ఆకుపచ్చ డబ్బాలో తడి, ఎర్ర డబ్బాలో డైపర్లు, ప్యాడ్లు లాంటివి, సంచిలో పొడి చెత్త. మా అపార్ట్‌మెంట్‌లో నోటీసులు అతికించినన్ని రోజులు ఎవరూ పట్టించుకోలేదు. చెత్త తీసుకెళ్లే అమ్మని మీటింగ్‌కి పిలిచి మాట్లాడమన్నాం. కవర్లో చెయ్యి పెడితే పగిలిన గ్లాసు ఎలా కోసిందో ఆమె చెప్పింది. వాడిన ప్యాడ్లు చేతులతో వేరు చేయాల్సి వస్తుందని చెప్పింది. ఆ తర్వాత మా అంతస్తులో మాత్రం కలిపి పెట్టినవాళ్లు లేరు.

మీరు కంపోస్ట్ చేయకపోయినా ఫర్వాలేదు, వేరు చేయడం మాత్రం వదలొద్దు. పాల ప్యాకెట్ కోసేటప్పుడు మూల ముక్క పూర్తిగా తెంపకండి, ఆ చిన్న ముక్క ఎవరికీ దొరకదు. ప్యాకెట్ గిన్నెలు కడిగిన నీళ్లలోనే జాడించి ఆరేయండి. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి పైన ఎర్ర గుర్తు పెట్టండి. పాత బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, కాలం చెల్లిన మందులు వేరే డబ్బాలో దాచి ఉంచండి. చెత్త ఆటో అతను అన్నీ ఒకే దాంట్లో కలిపేస్తే మాత్రం అసోసియేషన్ తరఫున ఫిర్యాదు చేయాలి. "వాళ్లు కలిపేస్తారుగా" అని మనం మానేయకూడదు.

గోదావరిఖని కుర్రాడు

అందరూ మంచి విషయాలే చెప్తున్నారు. కానీ నాదొక బాధ ఉంది. మా ఊరు రామగుండం ప్లాంటు పక్కన. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌టీపీసీది, పాత ప్లాంటు ఒక్కటే 2600 మెగావాట్లు. మా ఇంట్లో పొద్దున తుడిచిన గచ్చు సాయంత్రానికి మళ్లీ గరగరలాడుతుంది. బూడిద చెరువు వైపు నుంచి గాలి వీస్తే ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటాం. ఇంత పెద్దది జరుగుతుంటే మియాపూర్‌లో ఒక అక్క తొక్కలు వేరు చేస్తే ఏం మారుతుంది? ఇంటివాళ్ల మీద బరువు పెట్టి పెద్దవాళ్లని అడగకపోవడం సరి కాదని నా అభిప్రాయం.

రిటైర్డ్ ఏఈ, హనుమకొండ

తమ్మీ, నీ బాధ నాకు తెలుసు. నేను ఆ ప్లాంటు చుట్టుపక్కల లైన్ల మీద పనిచేసినవాణ్నే, ఆ బూడిద నా బూట్ల మీద కూడా పడింది. పెద్దవాళ్లని అడగాల్సిందే. పొగగొట్టాలకు గంధకం పట్టే పరికరాలు పెడతారా లేదా, బూడిదని ఇటుకలకి, సిమెంటుకి, రోడ్లకి ఎంత వాడుతున్నారు, ఈ లెక్కలన్నీ మీ ఊరివాళ్లు అడగాలి. హైదరాబాద్ వాళ్లు కూడా మీతో గొంతు కలపాలి, ఎందుకంటే ఆ కరెంటు వాడేది వాళ్లు.

కానీ ఒక మాట విను. దేశంలో వాడే కరెంటులో దాదాపు నాలుగో వంతు ఇళ్లదే. ఆ ప్లాంటు రాత్రి పదకొండింటికి కూడా పూర్తి లోడ్ మీద ఎందుకు నడుస్తుంది? అప్పుడు ఎండ ఉండదు, సోలార్ రాదు, ఊళ్లన్నీ ఏసీలు వేసుకుని పడుకుంటాయి. ఆ భారం బొగ్గు మీదే పడుతుంది. అందుకే ఆ అమ్మాయికి నేను ముందు రాత్రి ఏసీ గురించి, ఫ్యాన్ల గురించి చెప్పాను. అక్కడ తగ్గిన ప్రతి యూనిట్ మీ ఊళ్లో అరకిలోకి పైగా బొగ్గు కాలకుండా ఆపుతుంది. మీ గచ్చు మీద పడే బూడిదకీ ఆ ఇంటి స్విచ్చుకీ మధ్య ఉన్నది ఒక తీగే. నా ఉద్యోగమంతా ఆ తీగ మీదే గడిచింది, అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

కొండాపూర్ బస్సు

మేడమ్, ప్రయాణం గురించి నేను రాస్తాను. నాది సిద్దిపేట, ఉండేది హఫీజ్‌పేట, ఆఫీసు మీ పక్కనే.

మియాపూర్ నుంచి మాదాపూర్‌కి మెట్రో అంటే అందరూ తేలిగ్గా సలహా ఇస్తారు గానీ, అమీర్‌పేట దాకా వెళ్లి బ్లూ లైన్ మారి మళ్లీ వెనక్కి రావాలి. దారి చాలా ఎక్కువ. కొండాపూర్ మీదుగా బస్సు నేరుగా వెళ్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి జీరో టికెట్, తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ చూపిస్తే చాలు. పొద్దున తొమ్మిదికి ఎక్కితే నిలబడే చోటు కూడా దొరకదు. ఎనిమిదింపావుకి ఎక్కితే కూర్చునే వెళ్తాను. మీ ఆఫీసులో టైమింగ్ అరగంట జరుపుకునే వీలుంటే ముందు అది అడగండి. హఫీజ్‌పేట నుంచి హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా ఉంది, కానీ రైళ్ల మధ్య ఎడం ఎక్కువ, టైమ్ చూసుకుని వెళ్లాలి.

రోజూ కుదరదు, నాకు తెలుసు. పిల్లాడికి జ్వరం వచ్చిన రోజు, రాత్రి ఆలస్యమయ్యే రోజు కారే తీయండి. వారంలో సగం రోజులు బస్సు, మిగతా రోజులు కారులో పక్క ఫ్లాట్ వాళ్లతో కలిసి వెళ్లినా లెక్క బాగా మారుతుంది. లీటర్ పెట్రోల్ కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. ట్రాఫిక్‌లో లీటర్‌కి 12 కిలోమీటర్లిచ్చే కారులో ఒక్కరే, రానూపోనూ 22 కిలోమీటర్లు వెళ్తే నాలుగు కిలోలు దాటుతుంది. మీరు బస్సెక్కినందుకు బస్సు అదనంగా తాగే డీజిల్ లెక్కలోకి రానంత తక్కువ.

మీవారి సంగతి వేరు. పటాన్‌చెరు రోడ్డు మీద షిఫ్టు టైములకి బస్సు కుదరకపోతే, బైక్ మార్చే సమయం వచ్చినప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ చూడండి. 100 కిలోమీటర్లకి మూడు యూనిట్లు, అంటే రెండు కిలోల పైచిలుకు. అదే దూరానికి పెట్రోల్ బైక్ రెండు లీటర్లు, నాలుగున్నర కిలోలు. ఇప్పుడున్న బైక్ బాగుంటే దాన్ని అమ్మి కొత్తది కొనడానికి తొందరపడకండి. టైర్లలో గాలి వారానికోసారి చూసుకుని, చెయిన్‌కి నూనె పెట్టుకున్నా కొంత పెట్రోల్ మిగులుతుంది.

ఆఫీసు కప్పుల సంగతి నేను స్వయంగా చేయించాను కాబట్టి చెప్తాను. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు నిషేధించాక అందరూ పేపర్ కప్పులకి మారారు. వాటి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అందుకే టీ కారదు. ఆ పొర వల్లే వాటిని మామూలు కాగితంతో కలిపి రీసైకిల్ చేయలేరు. మా సిద్దిపేటలో స్టీల్ బ్యాంక్ అని ఉంది. ఫంక్షన్లకి స్టీలు పళ్లాలు, గ్లాసులు అద్దెకిస్తారు, వాడుకుని కడిగి తిరిగిచ్చేయాలి. మా చెల్లి సీమంతానికి అక్కడి నుంచే తెచ్చాం. అది చూసి మా ఆఫీసు అడ్మిన్‌ని అడిగాను. ఒప్పుకోవడానికి రెండు కారణాలు: కప్పుల బిల్లు ఎంతవుతుందో కాగితం మీద చూపించాను, కడిగే పని ప్యాంట్రీ అన్న మీద వేయకుండా ఎవరి గ్లాసు వాళ్లే కడుక్కోవాలని ముందే తేల్చాం. బయటి నుంచి వచ్చేవాళ్ల కోసం కొన్ని అదనపు గ్లాసులు ఉంచాం. మీటింగుల్లో నీళ్ల సీసాలు పోయి జగ్గు వచ్చింది.

ఏసీ మాత్రం నా ఒక్కదాని వల్ల కాలేదు. చలిగా ఉందని ఆడవాళ్లందరం కలిసి ఫెసిలిటీ వాళ్లకి మెయిల్ పెట్టాక 24కి తెచ్చారు. ఒక్కరు అడిగితే వినరు, పదిమంది సంతకాలు పెట్టండి.

మియాపూర్ మూడో అంతస్తు

ఇన్ని వివరాలు రాసిన అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి ఇదంతా ఇంట్లో చదివి వినిపించాను. మావారు ఏఈ గారి మాట దగ్గర ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లి ఏసీ ఫిల్టర్ తీసుకొచ్చారు. దాని మీద దుమ్ము చాప మందాన ఉంది. కరెంటు, నీళ్లు, బైక్ ఆయన చూసుకుంటారు. ఫ్యాన్లు ముందు రెండు, వచ్చే నెల రెండు. డబ్బాలు తెచ్చి రంధ్రాలు వేసేదీ ఆయనే. వేరు చేయడం, బస్సు, ఆఫీసు గ్లాసులు నావి. ఎండాకులు పిల్లలవి.

గోదావరిఖని తమ్ముడూ, మీ మాట చదివి మా పెద్దమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మీ ఊరి బూడిద గురించి ఏదైనా అర్జీ పెడితే ఇక్కడ లింకు పెట్టండి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టి సంతకాలు చేయిస్తాను.

అత్తమ్మ ఒకటి అడగమన్నారు. ఎండాకులు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి? మా గేటు ముందు కానుగ చెట్లున్నాయి కానీ రాలినవన్నీ ఊడ్చి తగలబెడుతున్నారు. ఏఈ గారూ, టెర్రస్ సోలార్ గురించి రాస్తానన్నారు. మా అసోసియేషన్ మీటింగ్ ఈ నెలలోనే ఉంది.

సీతమ్మధార మిద్దెతోట

కానుగ ఆకుల కంటే మంచివి ఏముంటాయి! ఊడ్చే ఆవిడకి రెండు గోనె సంచులిచ్చి, తగలబెట్టకుండా వాటిలో నింపమనండి, ఆ పనికి ఏదైనా ఇవ్వండి. ఒక సంచి నిండితే మీ డబ్బాకి నెలకు సరిపోతుంది. ఆకులు తగలబెట్టడం ఆగిందంటే మీ అపార్ట్‌మెంట్ మొత్తానికి పొగ తప్పుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకి ముందు తెలుస్తుంది.

రిటైర్డ్ ఏఈ, హనుమకొండ

మీటింగ్‌కి ఇవి తీసుకెళ్లు. కామన్ మీటర్ బిల్లులు ఒక ఏడాదివి, అంటే లిఫ్టు, బోరు మోటార్, మెట్ల లైట్లు కలిసి వచ్చే బిల్లు. టెర్రస్ మీద పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా వాటర్ ట్యాంకుల నీడ పడని చోటు ఎన్ని చదరపు అడుగులుందో కొలిపించు. కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగులు కావాలి. మన ఎండకి ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లిస్తుంది. 10 కిలోవాట్లు పెడితే నెలకు 1200 యూనిట్లు, చాలా అపార్ట్‌మెంట్ల కామన్ బిల్లు దాంట్లోనే తీరిపోతుంది.

2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో హౌసింగ్ సొసైటీల కామన్ వాడకానికి కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ పెట్టారు. సొంత ఇల్లు ఉన్నవాళ్లకి వేరే లెక్క: ఒక కిలోవాట్‌కి 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన ఎంత పెట్టినా 78,000. దరఖాస్తు నేషనల్ పోర్టల్‌లోనే, అందులో నమోదైన వెండర్ చేతే పెట్టించాలి. ఇంటికొచ్చి "సబ్సిడీ మేమే ఇప్పిస్తాం, అడ్వాన్స్ ఇవ్వండి" అనేవాళ్లకి రూపాయి ఇవ్వొద్దు. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకోండి. ప్యానెల్ వారంటీ ఎన్నేళ్లు, ఇన్వర్టర్ వారంటీ ఎన్నేళ్లు అన్నది విడివిడిగా రాయించుకోండి, ముందు చెడేది ఇన్వర్టరే. ప్యానెళ్ల మీద దుమ్ము కడిగే పని ఎవరిది, ఎన్ని రోజులకోసారి అన్నది తీర్మానంలోనే రాసుకోండి. అది రాయని చోట ఏడాదికల్లా ఉత్పత్తి పడిపోవడం నేను కళ్లారా చూశాను.

పై అంతస్తువాళ్లు వేడి ఎక్కువ అంటారు కదా, ప్యానెళ్లు పోగా మిగిలిన టెర్రస్‌కి తెల్ల కూల్ పెయింట్ వేయించే మాట కూడా అదే మీటింగ్‌లో పెట్టు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. పెయింట్ ఖర్చు తక్కువ, పై ఫ్లాట్లలో ఫలితం మొదటి ఎండాకాలంలోనే కనిపిస్తుంది, వాళ్ల ఓట్లు సోలార్‌కి కూడా పడతాయి.

తీర్మానం రాసేటప్పుడు మాటలు ఎలా ఉండాలో సందేహం వస్తే ఇక్కడే అడుగు, రాసి పెడతాను.